తొమ్మిది నెలల పాపతో తిరుపతి నుంచి తూర్పు తీరం వెంబడి ఎంత దూరం వెళ్లవచ్చు?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు తిరుపతిలో ఉంటున్నారు. సంక్రాంతి నాటికి మీ పాపకు తొమ్మిది నెలలు నిండుతాయి. పండుగ కాగానే తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, మర్నాడే మీ దంపతులు, అత్తగారు, పాప కలిసి సొంత కారులో బయలుదేరి మహాబలిపురం, పుదుచ్చేరి, చిదంబరం మీదుగా రామేశ్వరం వరకు సముద్రతీరం వెంట అయిదు రోజుల్లో వెళ్లి రావాలనుకుంటున్నారు. ఇంత చిన్న బిడ్డతో ఇది సాధ్యమేనా, ఏయే జాగ్రత్తలు కావాలి అని అడిగారు.

నేను తిరుపతిలో చాలాకాలంగా చిన్నపిల్లల వైద్యుడిగా పనిచేస్తున్నాను. సెలవులకు ముందు ఈ ప్రశ్నతో వచ్చేవారిని, సెలవుల తరువాత జ్వరంతోనో విరేచనాలతోనో బాధపడుతున్న బిడ్డను ఎత్తుకుని వచ్చేవారిని కూడా చూస్తుంటాను. నా సమాధానం ఇది: తప్పకుండా వెళ్లండి. కానీ మహాబలిపురంలో ఒకే గదిలో మూడు రాత్రులు ఉండేటట్టు వెళ్లండి. పాప హుషారుగా ఉంటే పుదుచ్చేరిలో ఒకటి రెండు రాత్రులు కలుపుకోండి. రామేశ్వరం ఈసారి వద్దు. ప్రయాణాన్ని ఫిబ్రవరికి జరపండి, పుట్టువెంట్రుకలు తిరిగి వచ్చాక తీయించండి.

ముందు దూరం సంగతి చూద్దాం. తిరుపతి నుంచి మహాబలిపురం సుమారు 190 కిలోమీటర్లు, అక్కడి నుంచి పుదుచ్చేరి మరో 95, పుదుచ్చేరి నుంచి రామేశ్వరం 350కి పైనే. రానూ పోనూ కలిపితే 1200 కిలోమీటర్లు దాటుతుంది. పెద్దవాళ్లకైతే అది అలసట మాత్రమే. తొమ్మిది నెలల బిడ్డకు మాత్రం నిద్ర, పాలు, ఉగ్గు, స్నానం, పాకడం, ఆడుకోవడం అన్నీ ఒక క్రమంలో జరిగితేనే ఒళ్లు కుదురుగా ఉంటుంది. ఈ వయసులోనే కొత్త ముఖాలంటే బెదురు మొదలవుతుంది, తల్లి కనుచూపు దాటితే ఏడుపు అందుకుంటారు. రోజుకొక కొత్త గదిలో పడుకోబెడితే రెండో రాత్రికే నిద్ర చెదిరి, మూడో రోజుకు తినడం మానేస్తారు. ఆ తరువాత తల్లిదండ్రులు చూసేది సముద్రాన్ని కాదు, బిడ్డ ముఖాన్ని.

దూరం కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు ఎంచుకున్న తేదీలు. తొమ్మిది నెలలు నిండగానే పాపకు తట్టు, రూబెల్లా టీకా మొదటి మోతాదు పడాలి. జాతీయ టీకాల పట్టిక ప్రకారం దానితోపాటే న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా బూస్టరు, విటమిన్ ఎ మొదటి మోతాదు కూడా ఇస్తారు. న్యుమోకోకల్ టీకాకు జ్వరం వస్తే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పోతుంది. తట్టు టీకా అలా కాదు, దాని జ్వరం సాధారణంగా ఏడో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య ఎప్పుడైనా రావచ్చు, కొందరికి ఒంటి మీద సన్నని దద్దుర్లు కూడా కనిపిస్తాయి. ఇది ప్రమాదకరం కాదు, దానంతట అదే తగ్గుతుంది. అయితే ఊరుగాని ఊరిలో, తెలియని భాషలో, రాత్రి పదకొండు గంటలకు ఆ జ్వరం వస్తే అది టీకా జ్వరమో, డెంగీయో, మరొకటో తల్లిదండ్రులు ఎలా పోల్చుకోగలరు? ఒక కుటుంబం టీకా వేయించిన వారానికి సముద్రతీరానికి వెళ్లి, జ్వరం, దద్దుర్లు చూసి భయపడి, రాత్రికి రాత్రే నిద్ర లేకుండా కారు నడుపుకుంటూ తిరుపతికి వచ్చేశారు. ఆ రాత్రి బిడ్డకు జ్వరం వల్ల కలిగిన ముప్పు కంటే, నిద్రమత్తులో కారు నడిపినందువల్ల ఆ కుటుంబానికి కలిగిన ముప్పే ఎక్కువ.

కాబట్టి నేను చెప్పే వరుస ఇది. సంక్రాంతి వెళ్లగానే టీకా వేయించండి, రెండు వారాలు ఇంటి పట్టున ఉండండి, ఫిబ్రవరి మొదటి పక్షంలో బయలుదేరండి. తిరిగి వచ్చాక పాపకు పదకొండో నెల నడుస్తున్నప్పుడు పుట్టువెంట్రుకలు తీయించండి. బేసి నెల అన్న ఆచారమూ నిలుస్తుంది. టీకాను వాయిదా వేసి ప్రయాణం చేయవచ్చా అని కొందరు అడుగుతారు. తట్టు ఎంత వేగంగా అంటుకునే జబ్బో తెలిసినవాడిగా, జనసమ్మర్దంలోకి వెళ్లబోతూ ఆ టీకాను వెనక్కు నెట్టమని నేను చెప్పలేను.

పుట్టువెంట్రుకల విషయం మన ఊరివాళ్లు అంతగా పట్టించుకోరు గనుక మరికొంచెం చెబుతాను. గుండు గీయించిన వెంటనే పసిబిడ్డ నెత్తి చర్మం ఎండకు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, పైగా కత్తి తగిలిన చిన్న చిన్న గాట్లు ఉంటాయి. చందనం పూత చల్లగా ఉంటుందేమోగాని ఎండను ఆపదు. ఆ స్థితిలో సముద్రపుటొడ్డుకు తీసుకువెళితే నేరుగా పడే ఎండతోపాటు ఇసుక మీద నుంచి, నీటి మీద నుంచి ఎగిసివచ్చే వెలుతురు కూడా చర్మాన్ని కందిస్తుంది. గాట్ల మీద ఉప్పునీరు, ఇసుక పడితే మంట, ఆ మీదట చీము. గుండు చేయించిన వారంలోపే తీరానికి వెళ్లి నెత్తి అంతా ఎర్రబడి, పొక్కి, తలగడ మీద తల ఆనించలేక ఏడ్చిన పిల్లలను చూశాను గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫిబ్రవరి మొదటి పక్షం అనడానికి వాతావరణం కూడా కారణమే. నెల్లూరు నుంచి నాగపట్నం దాకా ఈ తీరానికి ప్రధాన వర్షకాలం ఈశాన్య రుతుపవనాలది, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారింది, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచెత్తింది ఈ కాలంలోనే. జనవరి సగానికి అది సద్దుమణుగుతుంది. మార్చి చివరి నుంచి ఎండ ముదురుతుంది, ఉక్క పెరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కొద్ది వారాలే పసిపిల్లలకు అనువైనవి.

ఇక దారి. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వెళ్లి, చెన్నై నగరంలోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని వండలూరు చేరి, కేళంబాక్కం మీదుగా ఈస్ట్ కోస్ట్ రోడ్డులో కలవండి. నగరం ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉండే కారులో బిడ్డ ఏడ్చినంతగా సాఫీగా సాగే కారులో ఏడవదు. చిత్తూరు వైపు నుంచి వచ్చేవారికైతే రాణిపేట, కాంచీపురం, చెంగల్పట్టు దారి మేలు. తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదుకో బయలుదేరితే పాప మొదటి రెండు గంటలు నిద్రలోనే గడిపేస్తుంది, తిరుత్తణి దాటేసరికి లేస్తుంది. పెద్దవాళ్లకు నాలుగు గంటలు పట్టే దారికి మీరు ఆరు గంటలు కేటాయించుకోండి. రెండు గంటలకు మించి బిడ్డను ఒకే భంగిమలో కూర్చోబెట్టకండి. కారు ఆపి, సీటు కట్లు విప్పి, కాసేపు ఎత్తుకుని తిప్పండి.

ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రయాణం చేయకండి. ఈ మాట చెప్పినప్పుడు తల్లి ఒడి కంటే భద్రమైన చోటేముంటుందని దాదాపు ప్రతి ఇంటా పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. వారి ప్రేమను నేను శంకించను. కానీ కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఒక్కసారిగా గుద్దుకుంటే ఎనిమిది కిలోల బిడ్డను పట్టి ఆపగల బలం ఏ చేతులకూ ఉండదు. బేబీ కారు సీటు కొనండి లేదా తెలిసినవారి దగ్గర అడిగి తీసుకోండి. దాన్ని వెనుక సీటులో, బిడ్డ ముఖం కారు వెనుక వైపుకు ఉండేటట్టు బిగించండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో అలా బిగించడం ప్రాణాంతకం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటుబెల్టో, పిల్లల కోసం చేసిన భద్రతా సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచే ఊరిలో చిన్న చిన్న పనులకు వెళ్లేటప్పుడు పాపను అందులో కూర్చోబెట్టి అలవాటు చేయండి. పాలు ఇవ్వాలంటే కారు ఆపి ఇవ్వండి. ఎంత కొద్దిసేపైనా సరే, అద్దాలు మూసిన కారులో బిడ్డను ఒంటరిగా వదలకండి.

తీరానికి చేరాక బిడ్డకు సముద్రాన్ని ఎలా చూపించాలి అన్నదే ఈ ప్రయాణంలో అసలు విషయం. మనది తూర్పు తీరం గనుక సూర్యుడు సముద్రం మీద ఉదయించి నేల వైపు వాలుతాడు. ఉదయం వెలుతురు నేరుగా కళ్లలో పడుతుంది. సాయంత్రం నాలుగున్నర దాటాక ఎండ వీపు వెనక్కు వెళ్లి, ఒడ్డున ఉన్న చెట్ల నీడ, భవనాల నీడ ఇసుక మీదికి జరుగుతుంది. సముద్రపు గాలి కూడా అప్పటికి బాగా వీస్తుంటుంది. అందుకని ఉదయం తొమ్మిదిలోపు ఒకసారి, సాయంత్రం నాలుగున్నర తరువాత ఒకసారి, ఒక్కొక్కసారి ముప్పావు గంటకు మించకుండా తీసుకువెళ్లండి. నా మనవరాలిని ఈ వయసులోనే మహాబలిపురం తీసుకువెళ్లాము. అలల చప్పుడుకు మొదట బెదిరి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. రెండో రోజు అదే చోట, అదే సమయంలో కూర్చోబెడితే తానే అలల వైపు చేతులు చాచింది. ఒకే చోట ఉండమని నేను చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. పసిబిడ్డకు ఒక చోటితో స్నేహం కుదరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అది కుదిరాకే అసలైన ఆనందం మొదలవుతుంది.

సముద్రస్నానం మాత్రం వద్దు. మహాబలిపురం దగ్గర అలలు బలమైనవి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, పెద్దవాళ్లే కొట్టుకుపోతుంటారు. బిడ్డను ఎత్తుకుని మోకాలి లోతుకు దిగడం కూడా తగదు, ఎందుకంటే కాలి కింద ఇసుక జారితే ఇద్దరూ పడతారు. అల వచ్చి సన్నగా పరుచుకుని వెనక్కు పోయే చోట, మీరు గట్టిగా పట్టుకుని పాదాలు మాత్రం తడపండి. ఆటకు గది దగ్గరే వెడల్పాటి తొట్టిలో నాలుగు వేళ్ల లోతు గోరువెచ్చని నీళ్లు పోసి, చేయి వదలకుండా ఆడించండి. ఆ కొద్ది నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగి ప్రాణం పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి గనుక ఫోను మోగితే బిడ్డను ఎత్తుకున్నాకే తీయండి.

పాకే బిడ్డ ఇసుకను నోట్లో పెట్టుకోకుండా ఉండదు. మందపాటి చాప, దాని మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. చిటికెడు ఇసుక మింగితే భయపడనక్కరలేదు. అయితే కుక్కలు తిరిగే చోట, చేపలు ఎండబెట్టే చోట, మురుగు కాలువ వచ్చి కలిసే చోట కూర్చోవద్దు. కంట్లో ఇసుక పడితే నలపకుండా శుభ్రమైన తాగునీటితో కడగండి. ఎండకు వదులైన పొడుగు చేతుల నూలు చొక్కా, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, గొడుగు నీడ చాలావరకు సరిపోతాయి. ఆరు నెలలు దాటింది కాబట్టి ముఖానికి, చేతులకు పిల్లల సన్‌స్క్రీన్ పలుచగా రాయవచ్చు, కాకపోతే నాలుగు రోజుల ముందే ఇంట్లో ముంజేతి మీద కొంచెం రాసి దద్దు రాదని చూసుకోండి.

మహాబలిపురంలో ఉండమనడం వెనుక మరొక ఆలోచన ఉంది. పల్లవుల కాలపు తీర దేవాలయం, పంచ రథాలు, అర్జునుని తపస్సు శిల్పం, కృష్ణుని వెన్నముద్ద అనే ఆ పెద్ద బండరాయి, అన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. 1984 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఈ కట్టడాలను చూడటానికి రోజంతా తిరగనక్కరలేదు. పాపకు పాలు పట్టి, ఉదయం చల్లగా ఉండగా ఒకటి చూసి గదికి వచ్చేయవచ్చు. ఎండెక్కితే రాళ్లు సెగలు కక్కుతాయి. ఊరికి ఉత్తరాన సాళువన్‌కుప్పంలో ఉన్న పులి గుహ దగ్గర నీడ, ప్రశాంతత రెండూ ఉంటాయి, పాపతో కాసేపు కూర్చోవడానికి నాకు చాలా ఇష్టమైన చోటు అది. నాలుగు చక్రాల తోపుడు బండి ఇసుకలోనూ రాళ్ల దారిలోనూ పనికిరాదు, ఇంట్లోనే ఉంచి, బిడ్డను ఛాతీకి కట్టుకునే సంచీ తెచ్చుకోండి.

తిండి విషయంలో ఒక్క సూత్రం చెబుతాను: బిడ్డ తినేది కొత్త ఊరిలో కొత్తది కాకూడదు. తల్లిపాలు మామూలుగానే ఇవ్వండి, ప్రయాణంలో ఇంకాస్త తరచుగా ఇవ్వండి. ఇంట్లో కొట్టిన ఉగ్గు పొడి, రాగి పిండి, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, స్టీలు ఉగ్గుగిన్నె, చెంచాలు పెట్టుకోండి. పాలసీసాను ప్రయాణంలో శుభ్రంగా ఉంచడం చాలా కష్టం, గిన్నె, చెంచా అయితే మరిగే నీళ్లలో వేసి తీస్తే చాలు. బయట దొరికేవాటిలో కళ్లముందు ఆవిరి మీద నుంచి తీసిన ఇడ్లీ, మీరే తొక్క తీసిన అరటిపండు నమ్మదగినవి. చట్నీ, పెరుగు, కోసిపెట్టిన పండ్లు, పండ్ల రసాలు, ఐసు బిడ్డకు వద్దు. నీళ్లు మరిగించి చల్లార్చినవే పట్టండి. ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా నాకించవద్దు. ఫార్ములా పాలు పడుతుంటే కలిపిన రెండు గంటల్లోపు వాడండి, తాగి మిగిల్చినవి పారబోయండి. నా దగ్గరకు ప్రయాణం తరువాత వచ్చే విరేచనాల కేసుల్లో మళ్లీ మళ్లీ వినిపించే కథ ఒక్కటే. దారిలో హోటలువారు ఇచ్చిన పాలలో వారి కుళాయి నీళ్లే కలిపి, ఫ్లాస్కులో పోసుకుని సాయంత్రం దాకా పట్టారు.

మందుల సంచీలో ఓఆర్ఎస్ పొట్లాలు, విరేచనాలకు ఇచ్చే జింకు, పారాసిటమాల్, థర్మామీటరు చాలు. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలో మొత్తంగా కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. దుకాణాల్లో దొరికే తియ్యటి డబ్బా పానీయాలు దానికి ప్రత్యామ్నాయం కావు, వాటిలోని చక్కెర విరేచనాలను పెంచుతుంది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి ఉంటుంది, మీ డాక్టరుతో పాప బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో కాగితం మీద రాయించుకోండి. డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. సాధారణంగా డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 లేదా 250. సిరప్ కొలతతో డ్రాప్స్ పట్టితే మోతాదు రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగిపోతుంది. దారిలో సీసా పగిలి కొత్తది కొనవలసి వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కారులో పాప ఏడవకుండా నిద్రపోయే మందు రాసిమ్మని అడిగేవారు చాలామంది. రెండేళ్లలోపు పిల్లలకు అటువంటి మందు ఊపిరిని మందగింపజేసే ప్రమాదం ఉంది, నేను ఎవరికీ రాయను, మీరూ వాడకండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు కూడా ఇవ్వరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా సూచించింది. జలుబు చేస్తే ముక్కులో సెలైన్ చుక్కలు చాలు.

ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మాడు లోపలికి గుంటపడినా, పాలు తాగడం మానేసినా, ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, పిలిచినా మత్తుగా పడి ఉన్నా ఇంటికి బయలుదేరాలని చూడకండి, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికే వెళ్లండి. మహాబలిపురానికి సుమారు 30 కిలోమీటర్లలో చెంగల్పట్టు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, పుదుచ్చేరిలో జిప్‌మర్ అనే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి, చెన్నై ఎగ్మోరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. 108 తమిళనాడులోనూ పనిచేస్తుంది. టీకాల కార్డును ఫోటో తీసి మీ ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

గది కింది అంతస్తులో, సముద్రానికి అయిదు నిమిషాల నడక దూరంలో ఉంటే చాలు, ఎదురుగా అలలు కనిపించనక్కరలేదు. వెళ్లగానే పరుపును నేల మీదికి దింపించండి, ఈ వయసు పిల్లలు మంచం మీద నుంచి పడినంతగా మరెక్కడా పడరు. చీర ఉయ్యాల అలవాటున్న బిడ్డ అయితే మడిచే ఉయ్యాల స్టాండు తీసుకువెళ్లండి, హోటలు గదుల్లో కొక్కేలు ఉండవు. దోమతెర మరిచిపోవద్దు.

పుదుచ్చేరి సంగతి మూడో రోజు సాయంత్రం పాపను చూసి నిర్ణయించుకోండి. వేళకు తింటూ, రాత్రి సరిగా నిద్రపోతుంటే వెళ్లండి. అక్కడి సముద్రపు రోడ్డు మీదికి సాయంత్రం వాహనాలను రానివ్వరు గనుక పాపను ఎత్తుకుని నిశ్చింతగా నడవవచ్చు. వేళలు తప్పుతుంటే మహాబలిపురంలోనే ఇంకొక రోజు ఉండి ఇంటికి తిరగండి.

ఇక మీ అత్తగారి రామేశ్వరం కోరిక. ఆమెను నిరాశపరచమని నేను చెప్పడం లేదు. పిల్లల ప్రయాణాల్లో సగం భారం మోసేది ఇంటి పెద్దావిడే, ఆమె పక్కన ఉంటేనే తల్లి రెండు గంటలు కంటినిండా నిద్రపోగలుగుతుంది. తిరుపతి నుంచి రామేశ్వరానికి నేరుగా రైలు ఉంది, 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన కూడా ప్రారంభమైంది. మీ వారు ఆమెను వేరుగా ఒకసారి రైలులో తీసుకువెళితే, ఆమె రామనాథస్వామిని తీరికగా దర్శించుకుని, ఇరవై రెండు తీర్థాలలో స్నానం చేసి రాగలుగుతారు. బిడ్డ వెంట ఉంటే ఆ తడి బట్టలతో, ఆ వరుసల్లో ఆమెకు అది సాధ్యపడదు. ఈ మాట ఆమెతో ఇప్పుడే, తేదీతో సహా చెప్పి, టికెట్లు ముందుగానే తీసి ఆమె చేతికివ్వండి. అప్పుడు మహాబలిపురానికి ఆమె మనస్ఫూర్తిగా వస్తారు.